రెండో గడ్డం

జూన్ 3

మహారాజశ్రీ బావగారి దివ్యసముఖానికి,

ముందుగా క్షమాపణలన్నీ ఒకేసారి చెప్పేసుకుంటాను, మళ్ళీ మధ్యలో అడ్డం తగలకుండా. మీరు అక్కని తీసుకుని ఆ కొండెక్కి రెండు నెలలవుతున్నా ఒక్క ముక్క రాయనందుకు క్షమించండి. ఇప్పుడు రాస్తున్నందుకు ఇంకా ఎక్కువ క్షమించండి. ఇందులో మిమ్మల్ని తిట్టబోతున్నందుకూ, ఇంతకన్నా బాగా తిట్టగలిగుండి కూడా ఊరుకోబోతున్నందుకూ క్షమించండి. మీ పెళ్ళిఫోటోకి ఫ్రేము కట్టినప్పుడు మీ ఎడమ చెవి మరుగున పడేలా చుట్టూ పెట్టే అట్ట కోసినందుకు క్షమించండి. అది పొరపాటని అప్పట్లో చెప్పినందుకు కూడా.

అయ్యాయి. ఇక ‘మీరు’ చాలు, చెయ్యి నొప్పెడుతోంది. బావా, నువ్వు మమ్మల్ని నాశనం చేసి వెళ్ళావు.

మన ఫ్రేముల దుకాణం ఎప్పటిలాగే ఉంది. తాతయ్య రంపంతో మూలలు కోస్తాడు, నేను గాజు తుడుస్తాను. డిగ్రీ చదివినవాడు తుడిచిన గాజు అని చూడగానే తెలియాలని కొంచెం మరకలు ఉంచుతాను. ఆ డిగ్రీకి కూడా మన దుకాణంలోనే ఫ్రేము కట్టించుకున్నాను, తాతయ్య రూపాయి తగ్గించలేదు. గోడవారగా నీ స్టూలు ఉంది. దాని మీద తాతయ్య ఇస్త్రీ చేసిన గుడ్డ కప్పాడు. ఎవరినీ కూర్చోనివ్వడు. కొనేవాళ్ళొస్తే నిలబడే బేరం. నేనొకసారి ఆనుకోబోతే, “లే, లే, అది అల్లుడిది” అన్నాడు.

అల్లుడిదట! నువ్వు ఈ ఇంటికి రాకముందు ఆ స్టూలు మీద కూర్చుని ఆయనతో సూర్యుడు అస్తమించేదాకా వాదించింది ఎవరు? నేను. నువ్వు పెళ్ళిచూపులకొచ్చిన రోజున అక్కని చూడ్డం మానేసి తాతయ్యతో డార్విన్ గురించి మాట్లాడావు చూడు, ఆ రోజే అనుకున్నాను, అక్క మొగుడు దొరికాడు గానీ నా స్టూలు పోయిందని.

ఇప్పుడు అసలు సంగతి. వీధి చివరి పఠనమందిరంలో రెండు కిటికీల మధ్య తేమ మరక పెద్దదైంది. సున్నం వేయించడం కష్టమని, దాని మీద ఒక చిత్రపటం తగిలించాలని కార్యదర్శి నిర్ణయించాడు. నువ్వెరుగుదువుగా ఆయన్ని, వాక్యానికి ఫుల్‌స్టాప్ పెట్టడు, అందుకే కామాగారు అంటాం. మరక పెద్దది కాబట్టి మనిషి కూడా పెద్దవాడే కావాలట. చేతులెత్తించి ‘ఆధునిక యుగంలోకెల్లా గొప్ప ఆలోచనాపరుడు’ ఎవరో తేలుస్తారు. ఫ్రేము మనది, ఉచితం.

ఊళ్ళో అందరికీ ఒక్కొక్కడున్నాడు. మంగలి ఫ్రాయిడ్ అంటున్నాడు, కుర్చీలో కూర్చోబెడితే మనుషులు అన్నీ కక్కేస్తారన్నది తనకి ముందే తెలుసట. మందులషాపాయన ఐన్‌స్టీన్ అంటున్నాడు, ఎందుకని అడిగితే జుట్టు చూపిస్తున్నాడు. తాతయ్య మాత్రం ఏమీ అనడు. “అల్లుడేమంటాడో రాయించు” అంటాడు. నేను పక్కనే ఉన్నాను బావా. చేతిలో గుడ్డతో, తలలో బుర్రతో.

కాబట్టి నీ అభిప్రాయం ఉత్తరంగా రాసి పంపు. సభలో చదివి వినిపించే భాగ్యం నాకే ఇచ్చారు. సంతోషంతో పళ్ళు నూరుకుంటున్నాను.

నీ స్టూలుకి కాపలాదారు,
బావమరిది

&nbsp;

జూన్ 12

ఒరేయ్ బావమరిదీ,

చెవి సంగతి నాకు ఆ రోజే తెలుసు. ఇక్కడ ఇంటికొచ్చినవాళ్ళకి ఆ ఫోటో చూపించినప్పుడల్లా మీ అక్క “ఈయనకి రెండోది కూడా ఉందండీ” అని చెప్పుకోవలసి వస్తోంది.

ఈ వాతావరణ కేంద్రంలో మనుషులకన్నా పరికరాలెక్కువ. పొద్దున్నా సాయంత్రం వాన కొలిచే గొట్టం చూడాలి, గాలిరెక్క ఎటు తిరిగిందో చూడాలి, చూసినవి పైకి పంపాలి. మేం రేపు వాన రాదంటే ఊరివాళ్ళు గొడుగులు తెచ్చుకుంటున్నారు. అధికారి నోరు తెరిస్తే బదిలీల మాట, మూస్తే ఆవలింత.

ఇప్పుడు రాయబోయేది నీ కడుపులో పెట్టుకో. మొన్న గొట్టంలో నీటిమట్టం చూస్తూ, తాతయ్యగారు పక్కనే ఉన్నట్టు, డార్విన్ గురించి కాసేపు గట్టిగానే మాట్లాడాను. జవాబు కోసం ఆగాను కూడా. వెనక్కి తిరిగితే ప్యూను నిలబడి ఉన్నాడు. అప్పటినుంచీ నాకు టీ ఇచ్చేటప్పుడు కొంచెం దూరంనుంచే ఇస్తున్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, మీ అక్క చూడకుండా, సిగ్గులేకుండా ఏడ్చాను. నిజం చెప్పనా? నిన్ను తలుచుకుంటే నాకు కుళ్ళు. నేను తాతయ్యగారి దగ్గర రెండేళ్ళు అద్దెకున్నవాణ్ణి. నువ్వు సొంతింట్లో ఉన్నావు. రోజూ ఆయన తిట్లు తినేవాడివి, అదెంత అదృష్టమో నీకేం తెలుసు?

ఈ ముక్క ఎవరికీ చదివి వినిపించకు. ముఖ్యంగా ఆయనకి.

స్టూలు సంగతి. దానికో కాలు వదులైంది, మేం ఇక్కడికి బయల్దేరిన రోజున నేను లేస్తుంటే ఊడి చేతికొచ్చింది. జిగురు పెట్టి గుడ్డ కప్పి ఉంటారు. దానికి నువ్వు ఇంత ఇతిహాసం అల్లావా? మీ అక్క నీ ఉత్తరం రెండుసార్లు చదివి, “వీడు ఏ అమ్మాయినో ప్రేమించాడు, ఈ అసూయంతా ఆ అమ్మాయి గురించే, స్టూలు వంక” అని తేల్చింది. పేరు రాయమంటోంది.

నా ఓటు డార్విన్‌కే. మనిషి తనని తాను చూసుకునే అద్దాన్నే మార్చేశాడాయన. వివరంగా ఈ వారంలో రాస్తాను.

బావ

&nbsp;

జూన్ 19

ఒంటిచెవి మహాశయా,

నీకు నన్ను చూస్తే కుళ్ళా? కుళ్ళు నాది. కష్టపడి రెండేళ్ళుగా పెంచుకున్నాను. చివరికి అందులో కూడా వాటాకొస్తావా?

స్టూలు గురించి నీ కథ నేను నమ్మను. విరిగిన కాలికి ఎవరైనా ఇస్త్రీ గుడ్డ కప్పుతారా? అక్కకి చెప్పు, నేను ప్రేమించిన అమ్మాయికి మూడు కాళ్ళు బాగానే ఉన్నాయి, నాలుగోది నువ్వు విరిచావు.

నీ డార్విన్ మీద నాకు ద్వేషం లేదు. కానీ నా మనిషి వేరు. డార్విన్ వెనక ఫోటోలో ఎప్పుడూ కనిపించని ఇంకో గడ్డం ఉంది, వాలెస్ అని. ఇద్దరికీ గడ్డాలే కాబట్టి మొదటి గడ్డం, రెండో గడ్డం అనుకుందాం. మొదటి గడ్డం ఒక గొప్ప ఆలోచన చేసి, ఇరవయ్యేళ్ళపాటు పెద్దగా ఎవరికీ చెప్పకుండా ఇంట్లో పెట్టుకుని కూర్చుంది. రెండో గడ్డం ఎక్కడో దీవుల్లో పురుగులూ పక్షులూ పట్టుకుని అమ్ముకుంటూ, జ్వరంతో వణుకుతూ, సరిగ్గా అదే ఆలోచన చేసింది. చేసి ఏం చేసింది? చూసిపెట్టండి అని మొదటి గడ్డానికే పోస్టు చేసింది! ఆ ఉత్తరం విప్పినప్పుడు మొదటి గడ్డం మొహం ఎలా ఉండుంటుందో నేను రోజూ ఊహించుకుంటాను. చివరికి ఇద్దరి కాగితాలూ ఒకే సభలో చదివారు. పేరు మాత్రం మొదటాయనకే పోయింది.

ఇది తాతయ్యకి చెబుదామని మొన్న కూర్చున్నాను. ఆయన అట్ట కొలుస్తున్నాడు.

“తాతయ్యా, రెండోవాళ్ళ గురించి నీ అభిప్రాయం?”

“ఏ రెండోవాళ్ళురా?”

“ఒకే ఆలోచన ఇద్దరికొస్తే, రెండోవాడు...”

“నీకెప్పుడూ వేళాకోళమే. ముందు ఆ గాజు తుడు.”

“వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నా.”

“నిజంగా అడిగేవాడి మొహం అలా ఉండదు. అల్లుడి ఉత్తరం వచ్చిందా?”

చూశావా. పుట్టినప్పటినుంచీ నవ్వించిన పాపానికి నా మొహాన్ని ఎవరూ నమ్మడం లేదు. నేను మంట అంటుకుందని అరిచినా చప్పట్లు కొట్టి ఇంకోటి చెప్పమంటారు. నువ్వు ‘ఊఁ’ అంటే దాన్ని తత్వశాస్త్రం అంటారు.

సభ నెలాఖరు ఆదివారం. ఉత్తరం పంపు. నీ గొప్ప మాటలు నా గొంతుతో చదివి, నీకొచ్చే చప్పట్లు నా చెవులతో వింటాను. నాకు రెండు చెవులున్నాయి కదా.

బావమరిది

&nbsp;

జూన్ 25

ఒరేయ్,

ఒళ్ళు కాలిపోతోంది. మూడు దుప్పట్లు కప్పింది మీ అక్క. కొండమీద వాన ఆగడం లేదు, గొట్టం నిండి పొర్లిపోతే కొలిచేవాడు లేడు. ఇప్పుడు నావల్ల రాయడం కాదు. తాతయ్యగారికి నువ్వే ఏదో ఒకటి చెప్పుకో. ఎలాగూ డార్విన్ గెలుస్తాడు, నేను రాయకపోతే ఆయనకొచ్చే లోటేమీ లేదు.

బావ

&nbsp;

జూలై 2

బావకి,

జ్వరం తగ్గిందా? తగ్గిందనే నమ్మి తిడతాను.

సభ జరిగింది. బెంచీలు చాలక కిటికీ గట్ల మీద కూడా కూర్చున్నారు. కామాగారు అధ్యక్షోపన్యాసం మొదలుపెట్టాడు గానీ ముగించలేదు, మధ్యలో ఊపిరి తీసుకున్నప్పుడు మంగలి లేచి మాట్లాడేశాడు. మంగలి చెప్పిన ఉదాహరణల్లో ముగ్గురు సభలోనే ఉన్నారు, వాళ్ళు మొహాలు దాచుకున్నారు. మందులషాపాయన సమయం అనేది సాగుతుందని నిరూపించాడు, ఆయన మాట్లాడినంతసేపూ అందరం అదే అనుభవించాం.

తర్వాత చేతులెత్తించారు. గెలిచింది నీ డార్విన్ కాదు, రెండో గడ్డం. అవును, వాలెస్. ఎలాగని అడగకు.

నా మనిషే గెలిచాడు కాబట్టి నేను ఎగిరి గంతులేస్తున్నానని అనుకుంటున్నావేమో. లేదు. ఇంటికొచ్చేదారిలో తాతయ్య ఒక మనిషి తెలివిని పొగుడుతూనే ఉన్నాడు. దీపస్తంభం దగ్గర ఆగి పొగిడాడు, సోడాబండి దగ్గర ఆగి పొగిడాడు, మన గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఒక చెప్పు చేత్తో పట్టుకుని పొగిడాడు. “ఎంత లోతురా! ఎంత మనసురా!” అని. అలాంటి మాట నాకోసం ఒక్కసారి పడుంటే నేను ఈపాటికి మంచివాణ్ణయిపోయేవాణ్ణి. ఆ మనిషెవరో నీకు చెప్పను. చెబితే నీకు గర్వం, నాకు గుండెనొప్పి.

కానీ నేనేం తప్పు చేయలేదని మాత్రం నమ్ము. అలా ముందే చెబుతున్నానంటే ఏదో చేశానని అనుకోకు.

బావమరిది

&nbsp;

జూలై 9

నీకు,

ఒరేయ్ అని కూడా పిలవాలనిపించడం లేదు.

తాతయ్యగారి కార్డొచ్చింది. ఆయన అక్షరాల్లో నాలుగంటే నాలుగు ముక్కలు. ‘నీ ఉత్తరం సభలో చదివించాను. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నీలో ఇంత బాధ ఉందని రెండేళ్ళూ పక్కన కూర్చుని కూడా తెలుసుకోలేకపోయాను. ఒళ్ళు జాగ్రత్త.’

నేను సభ కోసం ఏమీ రాయలేదు. నీకు రాసిన ఉత్తరాల్లో కళ్ళు తుడుచుకోవలసింది ఒక్కటే ఉంది. వాన గొట్టంతో మాట్లాడిందీ, మీ అక్కకి కనపడకుండా ఏడ్చిందీ. ఎవరికీ చదివి వినిపించకు అని రాశాను. కింద గీత గీయలేదు గానీ, గీయక్కర్లేదనుకున్నాను. మంగలి దగ్గర్నుంచి మందులషాపు దాకా ఇప్పుడు అందరికీ తెలుసన్నమాట, మీ ఇంటి అల్లుడు కొండమీద గొట్టం ముందు ఏడుస్తున్నాడని.

మీ అక్కకి కార్డు చూపించాను. తనకి తెలియకుండా ఏడ్చినందుకు నా మీద కోపం, చదివినందుకు నీ మీద కోపం. ఇంట్లో గాలి ఎటు వీస్తోందో ఏ రెక్కా చెప్పలేకపోతోంది.

అసూయ అని నువ్వు నవ్వుతూ రాస్తుంటే నేనూ నవ్వాను. అది ఇంత దూరం పోతుందనుకోలేదు.

బావ

&nbsp;

జూలై 15

బావా,

ఈసారి క్షమాపణ వెటకారంగా రావడం లేదు. ప్రయత్నించాను, మూడు కాగితాలు చించాను.

ముందు నీ పరువు సంగతి. నీ గొట్టం ఉత్తరం నా పెట్టెలో అడుగున ఉంది. దాన్ని నేను తప్ప ఎవరూ చూడలేదు. ఊళ్ళో ఎవరికీ నువ్వు ఏడ్చావని తెలియదు. ఇది అక్కకి గట్టిగా చదివి వినిపించు.

ఇప్పుడు జరిగింది విను. కామాగారు నా పేరు పిలిచాడు. “అల్లుడి ఉత్తరం చదువుతాడు,” అన్నాడు, ఆ కామా దగ్గరే ఆగాడు కూడా. తాతయ్య ముందు వరసలో ఉన్నాడు, కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాడు, చూడ్డానికి కాదు, వినడానికి. నా చేతిలో నీ జ్వరం ఉత్తరం ఉంది. మూడు దుప్పట్లు, పొర్లిన గొట్టం, నువ్వే ఏదో ఒకటి చెప్పుకో. బావ రాయలేదని చెబుదామనే లేచాను. ఆయన మొహం చూశాను. ఏదో ఒకటి చెప్పుకోమన్నావు కదా అనుకున్నాను. నువ్వన్నది సాకు చెప్పమని. నాకు తెలుసు. తెలిసే తెలియనట్టు అర్థం చేసుకున్నాను.

నీ కాగితం మొహానికి అడ్డంగా పట్టుకున్నాను. మొహం కనిపిస్తే నవ్వుతారుగా. జ్వరంలో మంచంమీదనుంచి రాస్తున్నానని మొదలుపెట్టాను, కనీసం అదొక్కటీ నీదే. తర్వాత చెప్పింది ఇది:

“ఒక కొత్త ఆలోచన రావడం గొప్పే. కానీ అది తనకన్నా ముందే ఇంకొకరికి వచ్చిందని, పేరంతా ఆయనకే పోతుందని తెలిసిన రోజున, ఆ మనిషిని ద్వేషించకుండా ఎలా బతకాలి అని ఆలోచించడం అంతకన్నా కష్టం. మొదటి ఆలోచనకి పక్షులూ పురుగులూ చాలు. రెండోదానికి తన లోపలికి తానే చూసుకోవాలి. వాలెస్ ఆ పని చేశాడు. ఆ సిద్ధాంతాన్ని జీవితాంతం ఆ పెద్దాయన పేరుతోనే పిలిచాడు. మొదటిది చేసినవాళ్ళు ఇద్దరున్నారు. రెండోది చేసినవాడు ఒక్కడే. రోజూ ఒక మనిషి పక్కన నిలబడి, వాడికి దక్కేది నాకు దక్కదని చూస్తూ బతికేవాణ్ణి కాబట్టి ఇది చెబుతున్నాను. నాకు ఇంతవరకూ చేతకాలేదు. చేతనైనవాణ్ణి గోడమీద పెట్టుకుంటే రోజూ చూసి నేర్చుకుంటాను.”

ఎవరూ నవ్వలేదు. మంగలి ముక్కు చీదాడు. కామాగారు చేయెత్తి “ఇక వేరే మాట లేదు.” అన్నాడు, నిజంగా ఫుల్‌స్టాప్‌తో. తాతయ్య నా భుజం పట్టుకుని అన్నాడు, “జ్వరంలో ఉన్నవాడే జ్వరంలో ఉన్నవాణ్ణి అర్థం చేసుకున్నాడు చూడు. మన అల్లుడికి ఎవరిమీదో అంత అసూయ ఉండేదా పాపం?”

నేనేమనాలి బావా? ఉండేదట అన్నాను.

తర్వాతది ఇంకా ఘోరం. ఆ ఉత్తరం ఇలా ఇవ్వు, పటం పక్కనే ఫ్రేము కట్టి తగిలిద్దాం అన్నాడు. అందులో ఏముందో నీకు తెలుసుగా. నా అదృష్టం, మొదటి గడ్డమే గెలుస్తుందన్న నమ్మకంతో తాతయ్య ఆ బొమ్మ కొలతకే ఫ్రేము ముందే చేసి పెట్టుకున్నాడు. రెండో గడ్డం బొమ్మ పలచటి కాగితం, అందులో లొడలొడలాడింది. బొమ్మ వదులైతే వెనక మడిచిన కాగితం పెట్టి అట్ట బిగిస్తాం కదా. “పక్కన ఎందుకు తాతయ్యా, ఆయన గుండె వెనకే పెడదాం, ఎండకి సిరా వెలిసిపోదు” అన్నాను. ఆయనకి ఆ మాట ఎంత నచ్చిందో! “అచ్చం మీ బావలా మాట్లాడుతున్నావు” అన్నాడు. నా చేత్తోనే మేకులు కొట్టాను. కాబట్టి ఇప్పుడు పఠనమందిరంలో, ఆధునిక యుగంలోకెల్లా గొప్ప ఆలోచనాపరుడి వీపుకి ఆనుకుని, నీ మూడు దుప్పట్లూ నీ గొట్టమూ ఉన్నాయి.

స్టూలు గుడ్డ తీశాడు. కాలికి జిగురు పెట్టి తాడు చుట్టి ఉంది, నువ్వే కరెక్టు. ఇస్త్రీ గుడ్డ ఎందుకంటే, దుకాణంలో శుభ్రమైన గుడ్డ అదొక్కటేనట, మిగతావన్నీ నేను గాజు తుడిచినవట. తాడు విప్పి, రెండు సార్లు ఊపి చూసి, “కూర్చో” అన్నాడు. రెండేళ్ళ తర్వాత కూర్చున్నాను. ఎందుకు కూర్చోబెట్టాడనుకున్నావు?

“మీ బావ ఉత్తరం ఎలాగూ లోపల పెట్టేశాం. నీకు గుర్తున్నంత చెప్పు, ఇంకోసారి విందాం.”

రోజూ సాయంత్రం చెబుతున్నాను. రోజూ మధ్యలో ఆపుతాడు. “అలా కాదురా, అల్లుడు ఇంకా బాగా రాశాడు. నువ్వు పాడు చేస్తున్నావు.” నిన్న అట్ట కొలుస్తూ తల ఎత్తకుండానే అన్నాడు, “నువ్వూ ఎప్పుడైనా అలా ఒక్కసారి ఆలోచించి చూడరా.” అలాగే తాతయ్యా అన్నాను.

పేరు వేరొకళ్ళకి పోయినా వాలెస్ సంతోషంగానే ఉన్నాడని చదివాను. సభలో నమ్మబలికాను కూడా. ఇప్పుడు ఆ పటం కింద నిలబడి చూస్తే నాకు అనుమానంగా ఉంది. ఆ గడ్డం వెనక పళ్ళు ఎలా ఉన్నాయో ఎవరు చూశారు?

నిజం తాతయ్యకి చెప్పాలో వద్దో నువ్వే తేల్చు. చెబితే ఆయన దగ్గర నీకున్న పేరు పోతుంది, చెప్పకపోతే నాకు లేనిది అలాగే లేకుండా ఉంటుంది. ఆలోచించడం ఈ ఇంట్లో నీ పని కదా.

నీ రహస్యం చదవలేదు. నీ పరువు తీయలేదు. నీ స్టూలు దొంగిలించలేదు, ఆయనే ఇచ్చాడు. చెవి ఒక్కటే కావాలని కోశాను, అది పాత లెక్క. ఈసారి నేను నిజంగా చేసింది ఒక్కటే బావా. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వేళాకోళం లేకుండా ఒక మాట ఆలోచించాను. ఆలోచించి, అది నీదని చెప్పాను.

నీ బావమరిది